కళ్ళెలో దొరకని టీబీ

మా చిన్నమ్మ ఆ చీటీని మందుల కవర్లో మడిచి పెట్టుకుని ఐదు నెలలు దాచుకుంది. అరచేతిలో పట్టేంత కాగితం. పేరు, వయసు, తేదీ, కింద ఒక్క మాట: నెగటివ్. ఆ మాట రాసింది నేనే. కర్నూలు జిల్లాలో కళ్ళె పరీక్షలు చేసే ఒక ల్యాబులో టెక్నీషియన్‌గా పని చేస్తాను.

చిన్నమ్మ వాళ్ళది కోసిగి వైపు పల్లె. అక్కడ ఏటా పొలం పనులు అయిపోగానే సగం ఊరు సుగ్గికి పోతుంది. ఇంటికి తాళమేసి, ముసలివాళ్ళను వదిలేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు తెంచడానికి రైలెక్కుతారు. ఆ ఏడు సుగ్గి నుంచి ఆమె నడుం నొప్పితో తిరిగొచ్చింది. పొద్దస్తమానం వంగి మిరపకాయలు తెంచిన మనిషికి నడుం నొప్పి వస్తే వింతేముంది అనుకున్నాం. నొప్పి మాత్రలు వాడారు, సూదులు వేయించారు, బెల్టు కొన్నారు, పసరు కట్టు కూడా కట్టించారు. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడుతోందని, జాకెట్లన్నీ వదులైపోయాయని చెబితే ఒక డాక్టరు కళ్ళె పరీక్ష రాశారు. దగ్గు లేదు, కళ్ళె రాదు. బలవంతంగా కాస్త ఉమ్మి కప్పులో పట్టి ఇచ్చింది. స్లైడు చూశాను, ఏమీ కనబడలేదు, నెగటివ్ అని రాసిచ్చాను.

తర్వాత ఐదు నెలలకు ఒక తెల్లవారుజామున ఆమె మంచం మీంచి లేవలేకపోయింది. నడుము కింద నుంచి కాళ్ళు రెండూ ఆమె మాట వినలేదు. కర్నూలు తీసుకుపోయి ఎమ్మారై తీయిస్తే, వెన్నెముకలో రెండు పూసలు కరిగిపోయి, వాటి మధ్య చేరిన చీము వెన్నుపామును నొక్కుతోందని తేలింది. టీబీ అని డాక్టరు చెబితే ఆమె ఒప్పుకోలేదు. మందుల కవర్లోంచి ఆ చీటీ తీసి నా చేతిలో పెట్టింది. "ఏమీ లేదని నువ్వే రాసిస్తివి కదప్పా."

చీటీలో తప్పు లేదు. ఆ రోజు ఆ కప్పులో టీబీ క్రిములు నిజంగానే లేవు. అవి ఆమె వెన్నులో ఉన్నాయి. చీటీ ఎంతవరకు చెబుతుందో ఆమెకు నేను చెప్పకపోవడమే తప్పు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఆ కప్పు చెప్పేదెంత

కళ్ళెను గాజు పలక మీద పలుచగా పూసి, ఆరనిచ్చి, ఎర్ర రంగు మందు పోసి కింద నుంచి ఆవిరి లేచేదాకా వేడి చేస్తాం. ఆ తర్వాత యాసిడ్‌తో కడుగుతాం. మిగతా సూక్ష్మజీవులు దాదాపు అన్నీ రంగు వదిలేస్తాయి. టీబీ క్రిమి ఒంటి చుట్టూ మైనం లాంటి పొర ఉంటుంది కాబట్టి అది మాత్రం వదలదు. చివర నీలి రంగు అద్ది మైక్రోస్కోపులో చూస్తే నీలం మధ్య ఎర్రటి సన్న పుల్లల్లా కనబడతాయి. అవి మన కంటికి దొరకాలంటే ఒక మిల్లీలీటరు కళ్ళెలో కనీసం ఐదు వేల నుంచి పది వేల క్రిములుండాలి. ఇప్పుడు ఎక్కువగా చేస్తున్న సీబీనాట్ పరీక్ష ఇంతకంటే ఎంతో సున్నితం. మిల్లీలీటరుకు నూట ముప్పై దాకా ఉన్నా పట్టేస్తుంది, రెండు గంటల్లో ఫలితం ఇస్తుంది, ప్రధానమైన మందు రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. కానీ ఎంత గొప్ప పరీక్షయినా మనం ఇచ్చిన నమూనాలో ఉన్నదాన్నే చూడగలదు. వెన్నులో ఉన్న క్రిమి ఉమ్మిలోకి రాదు.

టీబీ అనగానే దగ్గు, కళ్ళె, రక్తం పడటం, ఇవే మనకు తడతాయి. రోగం ఎక్కువమందికి ఊపిరితిత్తుల్లోనే వస్తుంది కాబట్టి అది సహజం. 2023లో ప్రపంచం మొత్తం మీద కోటీ ఎనిమిది లక్షల మందికి కొత్తగా టీబీ వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో నూటికి 26 మంది మన దేశంలోనే ఉన్నారు. మన దగ్గర నమోదయ్యే కేసుల్లో దాదాపు నాలుగో వంతు ఊపిరితిత్తుల బయట వచ్చినవే. గోళ్ళు, జుట్టు తప్ప శరీరంలో ఎక్కడైనా టీబీ రావచ్చని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

క్రిమి ఒకటే. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ ప్రపంచానికి చూపించిన క్రిమే. లోపలికి వచ్చే దారి కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే, ఊపిరి. ఊపిరితిత్తుల టీబీ ఉన్నవాళ్ళు దగ్గినప్పుడు గాల్లోకి వచ్చిన క్రిమి మన ఊపిరితిత్తుల అడుగుకు చేరుతుంది. అక్కడ కాపలా ఉండే కణాలు దాన్ని మింగుతాయి కానీ అరిగించుకోలేవు. దాన్ని కడుపులో పెట్టుకునే బిళ్ళల (లింఫు గ్రంథుల) దాకా పోతాయి. ఈ మొదటి వారాల్లోనే కొన్ని క్రిములు రక్తంలో పడి మెదడు పొరలకు, వెన్నుపూసలకు, కిడ్నీలకు చేరుకుంటాయి. ఈలోగా ఒంట్లోని రోగనిరోధక శక్తి మేలుకుని, ఎక్కడి క్రిముల చుట్టూ అక్కడ గోడ కడుతుంది. చాలామందిలో కథ అక్కడితో ఆగిపోతుంది. క్రిమి సోకినవాళ్ళలో నూటికి ఐదు నుంచి పది మందికే జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా మారుతుంది. మిగతావాళ్ళలో గోడ లోపలే నిద్రపోతుంది.

గోడ ఎక్కడ బలహీనపడితే జబ్బు అక్కడ మొదలవుతుంది. ఊపిరితిత్తుల్లో గాయం ఎప్పుడో మానిపోయి ఉంటుంది, ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది, ఇరవై ఏళ్ళ కిందట వెన్నులో దాక్కున్నది మాత్రం ఇప్పుడు లేస్తుంది. దాన్ని లేపేవి మన చుట్టూనే ఉన్నాయి. చాలని తిండి అన్నిటికంటే ముందుంటుంది. షుగరు జబ్బు ఉంటే టీబీ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. హెచ్ఐవీ, ఎక్కువ కాలం వాడే స్టెరాయిడ్లు, డయాలసిస్, పొగ, తాగుడు, ఇవన్నీ గోడను తవ్వేవే. ఐదేళ్ళ లోపు పిల్లల్లో ఆ గోడ ఇంకా గట్టిపడి ఉండదు. పాల దారిన వచ్చే మరో రకం క్రిమి కూడా ఉంది, పశువులది. పాలు పొంగించి తాగే మన అలవాటు దాన్ని చాలావరకు ఆపుతోంది. పచ్చిపాలు బలమని పిల్లలకు తాగించేవాళ్ళు దయచేసి మానేయండి.

ఈ క్రిమి నింపాది చాలా ముఖ్యమైన సంగతి. మామూలు బ్యాక్టీరియా కొన్ని ఇరవై నిమిషాలకు ఒకసారి రెండుగా చీలితే, ఇది చీలడానికి దాదాపు ఒక రోజు తీసుకుంటుంది. అందుకే ఇది రాత్రికి రాత్రి పడేసే జ్వరంలా రాదు. నెలల తరబడి మెల్లగా తింటుంది. మనం కూడా అంతే మెల్లగా దానికి అలవాటుపడి, ఎండ వల్లనో, పని వల్లనో, వయసు వల్లనో అనుకుంటాం.

వెన్నులో

వెన్నెముక టీబీని 1779లోనే ఇంగ్లండులో పర్సివల్ పాట్ అనే సర్జన్ వివరంగా రాశాడు. అప్పటికి క్రిమి సంగతి ఎవరికీ తెలియదు. గూని, కాళ్ళు పడిపోవడం, ఈ రెండూ కలిసి వస్తున్నాయని ఆయన గమనించాడు. అందుకే డాక్టర్లు ఇప్పటికీ దీన్ని పాట్స్ జబ్బు అంటారు.

రెండు వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కు ఉంటుంది కదా, దాన్ని ఆనుకుని ఉండే పూస అంచులో క్రిమి మొదలవుతుంది. అక్కడి నుంచి పక్క పూసకు పాకుతుంది. పూస ముందు భాగం గుల్లబారి, పై బరువుకు నలిగిపోతే వెన్ను ముందుకు వంగి, వీపున ఎముక పొడుచుకొస్తుంది. అదే గూని. చుట్టూ చీము చేరుతుంది గానీ మామూలు సెగగడ్డలా ఎర్రగా, వేడిగా ఉండదు. చల్లగా, నొప్పి లేకుండా ఉంటుంది. నడుము లోపలి కండరం వెంట కిందికి జారి గజ్జల్లో గడ్డలా తేలుతుంది కూడా. దాన్ని మామూలు గడ్డ అనుకుని కోసి చీము తీస్తే ఆ పుండు నెలల తరబడి మానదు. రోగం వెన్నులో ఉంటే గజ్జల్లో కట్టు కడుతూ కూర్చుంటాం.

నడుం నొప్పి లేని రైతు, కూలీ మన సీమలో ఉండరు. మరి దేన్ని అనుమానించాలి? చిన్నమ్మ నొప్పి పడుకుంటే తగ్గేది కాదు. రాత్రిళ్ళు ఎక్కువయ్యేది. నడుమంతా కాదు, వేలు పెట్టి చూపించగలిగే ఒక్కచోట పూస మీద నొక్కితే ప్రాణం పోయినట్టుండేది. ఆరు వారాలు దాటినా తగ్గలేదు. జ్వరం, బరువు తగ్గడం తోడయ్యాయి. వీటన్నిటి తర్వాత ఒక రోజు చేను గట్టు మీద నడుస్తూ కాలి చెప్పు జారిపోయింది. నాలుగడుగులు పోయాక వెనకొచ్చే కోడలు "అత్తా, నీ చెప్పు ఇక్కడే పడిపోయింది" అని అరిస్తే గానీ ఆమెకు తెలియలేదు. కాళ్ళు పడిపోవడానికి మూడు వారాల ముందు మాట ఇది. ఇంట్లో అందరూ నవ్వారట. ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే, లేదా నడక బిగుసుకుపోయి తూలుతుంటే, మూత్రం పట్టు తప్పుతుంటే, దయచేసి నవ్వకండి, వారం ఆగకండి. వెన్నుపాము మీద ఒత్తిడి మొదలైందన్న మాట.

మామూలు ఎక్స్‌రేలో పూస బాగా దెబ్బతిన్నాక గానీ తెలియదు. ఎమ్మారై చాలా ముందే చూపిస్తుంది. చిన్నమ్మకు సూదితో పూస నుంచి నమూనా తీశారు. సీబీనాట్‌లో క్రిమి దొరికింది, మందులకు లొంగే రకమేనని కూడా తేలింది. ఆపరేషన్ తప్పదేమోనని మేమంతా టెన్షన్ పడ్డాం. వారణాసిలో ఎముకల డాక్టరు ఎస్.ఎం. తులి దశాబ్దాల కిందట చూపించిన మధ్యేమార్గం ఒకటుంది: అందరికీ మందులు మొదలుపెట్టాలి, మందులు వాడుతున్నా బలహీనత పెరిగేవాళ్ళకు, చీము బాగా నొక్కేవాళ్ళకు, వెన్ను నిలవనివాళ్ళకు మాత్రమే కత్తి పట్టాలి. కాళ్ళు పడిపోయాక త్వరగా మందులు అందినవాళ్ళలో చాలామంది మళ్ళీ నడుస్తారు. చిన్నమ్మ ఏడో వారంలో బొటనవేలు కదిపింది. నాలుగో నెలలో గోడ పట్టుకుని నిలబడింది.

మెడ మీద, మెదడులో

ఊపిరితిత్తుల బయట టీబీ ఎక్కువగా కనబడేది మెడ దగ్గరి బిళ్ళల్లో. పాతవాళ్ళు గండమాల అనేవాళ్ళు. దవడ కింద, మెడ పక్కన ఒకటి, తర్వాత ఒకదాని పక్కన ఒకటి, అతుక్కుపోయిన గింజల్లా వస్తాయి. నొప్పి ఉండదు. వదిలేస్తే పగిలి చీము కారుతుంది. బిళ్ళ కట్టిన ప్రతి మెడా టీబీ కాదు. పన్ను నొప్పికి, గొంతు నొప్పికి, తలలో పుండ్లకు కూడా కడతాయి. అవి రెండు మూడు వారాల్లో తగ్గిపోతాయి. తగ్గకపోతే సూది పరీక్ష చేయించాలి. అక్కడ టీబీతో పాటు లింఫోమా అనే క్యాన్సర్ కూడా ఉండొచ్చు కాబట్టి, ఊహ మీద మందులు మొదలుపెట్టడం రెండు విధాలా ప్రమాదమే.

అనంతపురంలో డిగ్రీ చదివే నా స్నేహితుడి కూతురు ఎనిమిది నెలలు మెడకు చున్నీ చుట్టుకుని కాలేజీకి పోయింది. చివరికి ఒక ఆసుపత్రిలో చిన్న ఆపరేషన్ చేసి బిళ్ళ తీశారు. తీసిన ముక్క మొత్తాన్ని ఫార్మలిన్ సీసాలో వేసి పంపించారు. ల్యాబులో పని చేసేవాడిగా నన్ను బాగా బాధపెట్టే విషయం ఇది. ఫార్మలిన్ ముక్కను చెడిపోకుండా ఉంచుతుంది, కణాల అమరిక చూడటానికి అది కావాలి. కానీ క్రిమిని చంపేస్తుంది. అందులో వేసిన ముక్కతో కల్చర్ (క్రిమిని పెంచి చూసే పరీక్ష) చేయలేం, సీబీనాట్ ఫలితాన్ని నమ్మలేం. ముక్కను రెండు చేసి ఒకటి ఫార్మలిన్‌లో, రెండోది మామూలు సెలైన్‌లో వేస్తే రెండు పరీక్షలూ అవుతాయి. ఆ పిల్లకు రిపోర్టులో టీబీని సూచించే మార్పులు కనబడ్డాయి గానీ, ఏ మందుకు లొంగుతుందో తెలుసుకోవడానికి ఇంకో బిళ్ళకు మళ్ళీ సూది గుచ్చాల్సి వచ్చింది. ముక్క తీసే ముందు "టీబీ పరీక్షకు సెలైన్‌లో కూడా పంపిస్తారా సార్" అని అడగడానికి ఎవరూ మొహమాటపడొద్దు. ఒక్క మాట అడిగితే ఇంకో కోత తప్పుతుంది.

మందులు మొదలయ్యాక మూడో నెలలో ఆ పిల్ల మెడలో బిళ్ళలు పెద్దవయ్యాయి, కొత్తది ఒకటి వచ్చింది. మందులు పని చేయట్లేదని వాళ్ళ నాన్న ఆపేయబోయాడు. చచ్చిన క్రిముల మీద, మిగిలిన వాటి ముక్కల మీద శరీరం మేలుకుని విరుచుకుపడటం వల్ల కొందరిలో ఇలా అవుతుంది. మందులు మానితే నిజమైన ప్రమాదం అప్పుడు మొదలవుతుంది. డాక్టరు చూసి, అవసరమైతే మళ్ళీ నమూనా తీసి, మందుకు లొంగని రకం కాదని నిర్ధారించుకుంటే చాలు. కోర్సు అయిపోయాక కూడా చిన్న బిళ్ళ మిగలొచ్చు.

ఆ ఇంట్లో పిల్ల కంచం, గ్లాసు వేరు చేశారు. మంచం వసారాలోకి మార్చారు. బిళ్ళల్లో ఉన్న టీబీ ఊపిరి ద్వారా ఎవరికీ అంటదు, వెన్నులోదీ, మెదడులోదీ, పొట్టలోదీ అంతే. ఊపిరితిత్తుల్లో కూడా ఉంటేనే అంటుకుంటుంది. అది చూడటానికే శరీరంలో ఎక్కడ టీబీ ఉన్నా ఛాతీ ఎక్స్‌రే కూడా తీస్తారు. ఎక్స్‌రే బాగుందని తేలాక కూడా ఆ పిల్ల కంచం ఇంకో రెండు నెలలు వేరుగానే ఉంది. పెళ్ళి సంబంధాలకు అడ్డమని మాట బయటికి పొక్కనివ్వలేదు. పిల్లను ఇంట్లో వెలివేసి ఊళ్ళో దాచిపెట్టడం నాకు ఏ కోణంలోనూ అర్థం కాలేదు.

మెదడు పొరల టీబీ దగ్గర మాత్రం నింపాది పనికిరాదు. మొదటి ఒకటి రెండు వారాలు పెద్దగా ఏమీ కనబడదు. తలనొప్పి, సన్న జ్వరం, వాంతులు, పిల్లలైతే ఆడుకోకుండా చిరాకుగా పడి ఉండటం. దిష్టి తగిలిందని, గాలి సోకిందని తిప్పే రోజులు ఇవే. తర్వాత మత్తు, ఒకటి రెండుగా కనబడటం, ఫిట్స్, స్పృహ తప్పడం. మెదడు అడుగున చిక్కటి జిగురు పేరుకుని అక్కడి నీరు పారే దారుల్ని మూసేస్తుంది. నీరు నిలిచి ఒత్తిడి పెరిగితే మెదడు నుంచి పొట్టలోకి సన్న గొట్టం వేయాల్సి రావచ్చు. ఆ జిగురులో చిక్కిన రక్తనాళాలు మూసుకుపోతే పక్షవాతం వస్తుంది. ఒంట్లో సోడియం పడిపోతుంది. స్పృహ ఉండగా మందులు మొదలైనవాళ్ళకు, స్పృహ తప్పాక మొదలైనవాళ్ళకు మధ్య తేడా బతుకుకూ చావుకూ మధ్య తేడా.

నిర్ధారణకు వెన్ను నుంచి నీరు తీయాలి. ఇక్కడే చాలా కుటుంబాలు ఆగిపోతాయి. నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయని ఎవరో చెప్పి ఉంటారు. వెన్నుపాము నడుము పై భాగంలోనే ముగిసిపోతుంది. సూది దానికి కింద, నీరు మాత్రమే ఉన్నచోట గుచ్చుతారు. ఆ నీటిలో సీబీనాట్ పాజిటివ్ వస్తే రోగం ఖాయం. నెగటివ్ వచ్చినా లేదని చెప్పలేం, ఎందుకంటే అందులో క్రిములు చాలా తక్కువ. అప్పుడు డాక్టర్లు నీటిలోని కణాలు, చక్కెర, ప్రొటీన్, స్కానింగ్, రోగి పరిస్థితి అన్నీ కలిపి చూసి ఆగకుండా మందులు మొదలుపెడతారు. తోడుగా స్టెరాయిడ్ ఇస్తే చావులు తగ్గుతాయని 2004లో వియత్నాంలో జరిగిన అధ్యయనం చూపించింది. పుట్టగానే వేసే బీసీజీ టీకా పెద్దయ్యాక వచ్చే ఊపిరితిత్తుల టీబీని పెద్దగా ఆపకపోయినా, పసిపిల్లల్ని ఈ మెదడు టీబీ నుంచి బాగా కాపాడుతుంది.

మిగతా చోట్ల అది ఏ అవయవంలో ఉంటే ఆ అవయవం జబ్బులా నటిస్తుంది. ఊపిరితిత్తుల పై పొరలో అయితే ఒక పక్క నీరు చేరి, ఊపిరి పీలిస్తే పోటు. పేగుల్లో అయితే కడుపు కుడి పక్క కింద నొప్పి, విరేచనాలు, ఒక్కోసారి పేగు మూసుకుపోవడం. కిడ్నీలో అయితే మూత్రంలో మంట, చీము కణాలు. మామూలు కల్చర్‌లో ఏమీ పెరగదు, యాంటీబయోటిక్‌లు మార్చి మార్చి ఇస్తుంటారు, ఈలోగా మూత్రనాళం కుంచించుకుపోతుంది. గుండె పొరలో నీరు చేరితే ఆయాసం. తర్వాత ఆ పొర గట్టిపడి గుండెను బిగించేస్తుంది. కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు పాడైతే బీపీ పడిపోయి, ఒళ్ళు నల్లబడుతుంది.

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. గర్భాశయం పక్క గొట్టాల్లో టీబీ చాలాసార్లు ఏ బాధా లేకుండానే ఆ గొట్టాల్ని మూసేస్తుంది. పిల్లలు పుట్టలేదని గుళ్ళు తిరిగి, మాటలు పడి, ఏళ్ళు గడిచాక పరీక్షల్లో బయటపడుతుంది. పొట్ట పొరల టీబీది ఇంకో మోసం. పొట్టలో నీరు చేరుతుంది, మనిషి చిక్కిపోతుంది, సీఏ 125 అనే రక్తపరీక్ష పెరుగుతుంది. అచ్చం అండాశయ క్యాన్సర్‌లా ఉంటుంది. క్యాన్సర్ అని ఇల్లంతా ఏడ్చి, ముక్క పరీక్షలో టీబీ అని తేలి, ఆరు నెలల మందులతో లేచి తిరిగిన మనుషులున్నారు. అందుకే ముక్క చేతికి రాకముందే ఆశ వదులుకోవద్దు.

మందులతో నడిచే నెలలు

సీమలో పెద్దవాళ్ళకు టీబీ అంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం గుర్తొస్తుంది. మంచి గాలి, తిండి, విశ్రాంతి, నెలలకు నెలలు ఇల్లు వదిలి ఉండటం. 1956లో మద్రాసులో మొదలైన టీబీ పరిశోధనా కేంద్రం, మందులు సరిగ్గా వాడితే ఇంట్లో ఉన్నవాళ్ళకూ శానిటోరియంలో ఉన్నవాళ్ళకూ ఫలితం ఒకటేనని 1959లో చూపించింది. ఇవాళ మనం ఇంట్లో కూర్చుని మాత్రలు మింగగలుగుతున్నామంటే దాని వెనక మద్రాసు పేటల్లో జరిగిన ఆ పని ఉంది.

ఊపిరితిత్తుల బయటి టీబీకైనా మందులు అవే. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత మూడు రకాలు, బరువును బట్టి మాత్రల సంఖ్య, రోజూ. మారేది కాలం. బిళ్ళలకు, పొట్టకు, ఊపిరితిత్తి పొరకు మామూలుగా ఆరు నెలలు. మెదడుకు కనీసం తొమ్మిది. ఎముకలకు పన్నెండు, అవసరమైతే పద్దెనిమిది దాకా. మూడో నెలకే నొప్పి పోయి, బరువు పెరిగి, మనిషి బాగుపడినట్టే ఉంటుంది. ఎక్కువమంది ఆపేసేది అప్పుడే.

మూత్రం, చెమట ఎర్రగా వస్తే భయం లేదు, అది రిఫాంపిసిన్ రంగు. వాంతులు ఆగకపోతే, కళ్ళు పచ్చబడితే కాలేయం దెబ్బతింటోందన్న మాట. తర్వాతి డోసు మింగకముందే, అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోతే, చూపు మసకబారితే వాటిలో ఇథాంబుటాల్ అనే మందు వల్ల కావచ్చు. అరికాళ్ళ మంటలకు బీ6 విటమిన్ ఇస్తారు. రిఫాంపిసిన్ మిగతా మందుల బలాన్ని కరిగిస్తుంది. గర్భనిరోధక మాత్రలు దానితో పని చేయవు, వేరే పద్ధతి అడగాలి. కొన్ని షుగరు మాత్రలు, రక్తం పలచబరిచే మందు, హెచ్ఐవీకి వాడే డోలుటెగ్రవిర్, వీటి మోతాదులు మార్చాలి. వాడుతున్న ప్రతి మందు అట్టను సంచీలో వేసుకుని వెళ్ళి చూపించండి.

హెచ్ఐవీ ఉన్నవాళ్ళలో బయటి టీబీ ఎంతో ఎక్కువ. అక్కడ రెండు జబ్బుల మందులు ఎప్పుడు, ఏది ముందు అన్నది సున్నితమైన లెక్క. హెచ్ఐవీ మందులు మొదలయ్యాక కొందరిలో నిరోధక శక్తి ఒక్కసారిగా లేచి టీబీ ఎదురుతిరిగినట్టు కనబడుతుంది. మెదడు టీబీ ఉంటే హెచ్ఐవీ మందులు కొన్ని వారాలు ఆగి మొదలుపెడతారు. దీన్ని రెండూ తెలిసిన చోటే చూపించుకోవాలి. అనంతపురం వైపు బత్తలపల్లిలోని ఆర్డీటీ ఆసుపత్రి హెచ్ఐవీ, టీబీ రోగులతో ఏళ్ళుగా పని చేస్తోంది.

తిండి గురించి గట్టిగానే చెబుతాను. జార్ఖండ్‌లో టీబీ రోగుల కుటుంబాలకు తిండి గింజలు, పప్పు అదనంగా ఇస్తే ఆ ఇళ్ళలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. 2023లో ఆ అధ్యయనం లాన్సెట్‌లో వచ్చింది. ఇది మందు కాదు, పప్పు, గింజలు. నిక్షయ్ పోషణ పథకం కింద ప్రభుత్వం 2018 నుంచి నెలకు ఐదు వందలు ఇచ్చేది, 2024 నవంబరు నుంచి వెయ్యి ఇస్తోంది. బయటి టీబీకి కూడా వర్తిస్తుంది. ఆ డబ్బు గుడ్లకు, పప్పుకే పోవాలి, ఇంటి అప్పులకు కాదు.

సుగ్గికి పోయేవాళ్ళకు ఇంకో మాట. నమోదైన ప్రతి రోగికీ నిక్షయ్ నంబరు ఉంటుంది. గుంటూరు పోయినా, బెంగళూరు పోయినా ఆ నంబరు చూపిస్తే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఇవ్వాలి. బయల్దేరే ముందు మన దగ్గర చెప్పి బదిలీ చేయించుకుంటే ఇంకా సులువు. ఇబ్బంది వస్తే 1800-11-6666కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

చిన్నమ్మ పద్నాలుగు నెలలు మందులు వాడింది. వీపున చిన్న గూని మిగిలింది, అది పోదు. చేతికర్ర లేకుండా బోరింగు దాకా పోయి బిందె సగం నింపుకొస్తుంది. నిండుగా మోయొద్దని కోడలు అరుస్తూ ఉంటుంది.

పోయిన నెల ఒక గొర్రెల కాపరి చీటీ కోసం ల్యాబు కిటికీ దగ్గర నిలబడ్డాడు. స్లైడులో ఏమీ లేదని చెప్పాను. తలపాగా సర్దుకుని, "అయితే జబ్బు లేదనే కదా సార్" అన్నాడు.

"దగ్గుందా పెద్దాయనా?"

"దగ్గు లేదు. గజ్జల్లో ఇంత గడ్డ లేచింది. నొప్పి లేదు."

"నడుము?"

"అది రెండు సుగ్గీల నుంచీ ఉంది."

చీటీ ఆయన చేతికివ్వలేదు. నేనే పట్టుకుని, ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరుగారి గదికి నడిచాను.